మన నల్లా, మన బోరు, మన చెరువు: హైదరాబాద్ నీళ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నీళ్ల లెక్క చూసే పని కొన్నేళ్లుగా నా నెత్తినే ఉంది. మార్చి వచ్చిందంటే లిఫ్టులో, పార్కింగులో, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇవే ప్రశ్నలు. జవాబులన్నీ ఒకచోట రాసి పెడితే నా గొంతు కాస్త మిగులుతుందని ఇది మొదలుపెట్టాను.

మా నల్లాలో వచ్చే నీళ్లు అసలు ఎక్కడివి?

మీ ఇల్లు ఎటువైపు ఉందో దాన్ని బట్టి ఉంటుంది. నగరానికి ఇప్పుడు ప్రధాన ఆధారం కృష్ణా, గోదావరి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయి వస్తాయి. మూడు దశల్లో, ఒక్కో దశకు 90 ఎంజీడీ చొప్పున 270 ఎంజీడీ. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి దగ్గర ఎత్తిపోసి, 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో తెస్తారు. ఇది 172 ఎంజీడీ. వీటికి ముందు నుంచీ ఉన్నవి సింగూరు, మంజీరా. అన్నిటికంటే పాతవి గండిపేట, హిమాయత్‌సాగర్.

ఎంజీడీ, టీఎంసీ అంటే మాకు అర్థమయ్యేలా చెప్పండి.

ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, మన లెక్కలో దాదాపు 45 లక్షల లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. మొదటిది పైపులో పారే నీటికి, రెండోది జలాశయంలో నిలిచిన నీటికి వాడతారు.

మూసీ ఊరి మధ్యలోంచే పోతోంది కదా. వంద కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చుకోవడం ఎందుకు?

ఒకప్పుడు మూసీ నీళ్లే తాగాం. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచేసింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండే నగరం దాహమూ తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడు అనే మాట ఊరికే పుట్టలేదు.

గండిపేటలో ఒక గొప్పతనం ఉంది. దాని నిండు మట్టం 1,790 అడుగులు, నగరం కంటే ఎత్తు. అందుకే నీళ్లు మోటారుతో పని లేకుండా కాలువలో వాటంతట అవే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు వచ్చేవి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే సముద్ర మట్టానికి 180 మీటర్లు. మనం ఉన్నది 500 మీటర్ల పైన. వెయ్యి లీటర్లను 300 మీటర్లకు పైగా ఎత్తాలంటే, పైపులో రాపిడి, పంపుల నష్టం లెక్కలోకి తీసుకోకపోయినా, ఒక యూనిట్ కరెంటు దాకా ఖర్చవుతుంది. మీరు నల్లా కింద బకెట్ పొర్లనిచ్చినప్పుడు పొర్లేది అంత దూరం, అంత ఎత్తు ఎక్కివచ్చిన నీళ్లు.

గండిపేట, హిమాయత్‌సాగర్ అనే ఈ జంట జలాశయాలకు నీళ్లు వచ్చే దారులు మూసుకుపోకూడదనే 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో వాటిని ఎత్తేశారు. నా అభిప్రాయం అడిగితే, ఖర్చు లేకుండా నీళ్లిచ్చే ఏకైక ఏర్పాటు మీద మనమే రాయి వేసుకున్నాం.

సాగర్‌లో అన్ని నీళ్లు కనబడుతుంటే వేసవిలో మనకు టెన్షన్ ఎందుకు?

నీళ్లున్నా పంపుకు అందాలి కదా. సాగర్ మట్టం 510 అడుగుల కిందికి పడితే మామూలు పంపులకు నీళ్లు అందవు. అత్యవసర పంపింగ్ అని, అదనపు మోటార్లు పెట్టి తోడాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది లేకుండా మరింత లోతు నుంచి తీసుకునేందుకే సుంకిశాలలో ఇన్‌టేక్ బావి మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో అక్కడ రక్షణ గోడ కూలింది.

2016 వేసవి గుర్తున్నవాళ్లకు ఇంకో సంగతీ తెలుసు. అప్పుడు గండిపేట, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరా అన్నీ అడుగంటాయి. అప్పటికే కృష్ణా మూడో దశ, గోదావరి లైను వచ్చి ఉండబట్టి గట్టెక్కాం. ఒక్క నదినే నమ్ముకోకూడదని ఆ ఏడాది అందరికీ తెలిసింది. ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి గోదావరి రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర జంట జలాశయాలను నింపడానికట. ఎగువ నుంచి నీళ్లు వాటంతట అవి వచ్చిన చోటికే ఇప్పుడు మోటార్లతో ఎక్కిస్తామన్నమాట.

బోరు ఎండిపోయింది. ఇంకో 500 అడుగులు లోతుకు దింపితే నీళ్లు పడతాయా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. దాదాపు ప్రతిసారీ నా జవాబు ఒకటే: పడకపోయే అవకాశమే ఎక్కువ.

మన కాళ్ల కింద ఉన్నది ఇసుక కాదు, గ్రానైట్. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో పైకి కనిపించే ఆ గుండ్లే కింద కూడా. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం. దాని కింద పగుళ్లున్న రాయి. ఇంకా కిందికి పోతే పగుళ్లు లేని గట్టి బండ. నీళ్లు ఉండేది మొరంలో, పగుళ్లలో. ఉప్పల్ దగ్గరున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఫ్రెంచ్ నిపుణులతో కలిసి మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి ఈ రాయిని పరిశీలించారు. పనికొచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం పైన వంద మీటర్ల లోపే ఉంటాయని తేలింది. వంద మీటర్లంటే 330 అడుగులు. మనవాళ్లు 1,200 అడుగులకు పోతున్నారు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ రాయిలో నీళ్లు పట్టే జాగా చాలా తక్కువ. నూరు పాళ్ల రాయిలో ఒకటి నుంచి మూడు పాళ్ల వరకే నీళ్లు వదిలే ఖాళీ ఉంటుంది. రెండు పాళ్లు అనుకుందాం. వానాకాలంలో 10 సెంటీమీటర్ల నీరు ఇంకితే మట్టం 5 మీటర్లు లేస్తుంది. చూసి మురిసిపోతాం. కానీ అదే 10 సెంటీమీటర్లు తోడేస్తే 5 మీటర్లు పడిపోతుంది. ఇది చిన్న చిల్లర డబ్బా లాంటిది, తొందరగా నిండుతుంది, తొందరగా ఖాళీ అవుతుంది. అడుగున ఇంకో డబ్బా ఉందనుకుని రాయి తొలిచినంత మాత్రాన అక్కడ ఏమీ ఉండదు.

మా దగ్గర ఈ పాఠం డబ్బు కట్టి నేర్చుకున్నాం. పాత బోరు గాలి కొడుతోందని కొత్తది వేయించాం. 280 అడుగుల దగ్గర కాస్త తడి మట్టి వచ్చింది. బోరు బండి అతను "ఇంకో వంద అడుగులు సార్, గ్యాప్ తగులుతుంది" అంటూ 1,100 దాకా తీసుకెళ్లాడు. రాత్రి రెండింటి వరకు కంప్రెషర్ మోత, తెల్లటి రాతిపొడి కార్ల మీద, తులసి కోటల మీద, బాల్కనీలో ఆరేసిన బట్టల మీద. తెల్లారి చూస్తే బోరులో అదే 280 దగ్గరి ఊట. మిగతా 800 అడుగులకు కట్టిన డబ్బు బండపాలు.

పాయింట్ చూసేవాళ్లు కొబ్బరికాయ నిలబడిందని చెప్పారు. నమ్మొచ్చా?

మా నాన్నగారు నమ్మేవారు. నేను నమ్మను. జియాలజిస్టును పిలిచి రెసిస్టివిటీ మీటర్‌తో సర్వే చేయించండి. అదీ తప్పకుండా నీళ్లు చూపిస్తుందని కాదు, కానీ ఎక్కడ వేయకూడదో చెబుతుంది. అది చాలు.

పక్కవాళ్ల బోరు వల్ల మా బోరు ఎండుతుందా?

ఎండుతుంది. పగులు మీ కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోదు. కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. బోరు బండి కూడా రిజిస్టర్ అయి ఉండాలి. కాగితం మీద ఇంత ఉన్నా, అర్ధరాత్రి బండి రావడం, పొద్దున్నకల్లా వెళ్లిపోవడం మీరూ చూసే ఉంటారు.

మా బోరులో నీటి మట్టం ఎంతుందో మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు, కొలుచుకోవాలి కూడా. బ్యాంకు బ్యాలెన్సు చూడకుండా ఏటీఎంలో కార్డు పెట్టే మనిషి ఉండడు కానీ, మట్టం చూడకుండా మోటారు వేసేవాళ్లం అందరం.

మోటారు పైకి తీసిన రోజు, మళ్లీ దింపేటప్పుడు దాని పైపు పక్కనే అరంగుళం పీవీసీ పైపు ఒకటి కూడా దింపమనండి. కొలతకు అదే దారి. అది లేకుండా కేసింగ్ సందులో తాడు వదిలితే కేబుల్‌కు చుట్టుకుని కొత్త తలనొప్పి. రాత్రంతా మోటారు ఆపి పొద్దున్నే కొలవాలి. సన్నటి నైలాన్ తాడుకు బోల్టు కట్టి, మీటరుకో ముడి వేసి, మెల్లగా వదలాలి. నీళ్లు తగలగానే కింద నుంచి చిన్న చప్పుడు వస్తుంది. మా వాచ్‌మన్ చెవి పైపుకు ఆనించి "సార్, తగిలింది" అంటాడు. పైకి లాగి తడి ముడి ఎన్నోదో చూస్తే లెక్క తేలిపోతుంది. మే చివర ఒకసారి, నవంబరులో ఒకసారి రాసిపెట్టుకోండి. రెండు మూడేళ్ల అంకెలు చేతిలో ఉంటే జనరల్ బాడీ మీటింగులో అరుపులు సగం తగ్గుతాయి.

మీ మండలం పరిస్థితి తెలియాలంటే రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్లతో (కొలత కోసమే వేసిన బోర్లతో) నెల నెలా కొలిచే మట్టాలు చూడండి.

ఇంకుడు గుంత నిజంగా పని చేస్తుందా, లేక ప్లాన్ అనుమతి కోసమేనా?

చాలాచోట్ల అనుమతి కోసమే. మా గుంతను ఎన్నో ఏళ్ల తర్వాత తెరిచాం. మూత మీద పూలకుండీలు. లోపల సిమెంటు సంచులు, విరిగిన టైల్స్, ఒక పాత చెప్పు. అసలు విషయమేమిటంటే టెర్రస్ నుంచి వచ్చే పైపు ఆ గుంత దాకా రానే లేదు. నేరుగా డ్రైనేజీలోకి పెట్టి వెళ్లిపోయారు బిల్డింగు కట్టినవాళ్లు. అన్నేళ్ల వాన మ్యాన్‌హోల్‌లోకే పోయింది.

లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అది దాదాపు 74 వేల లీటర్లు. ఆవిరి, కారిపోయేది తీసేసినా 60 వేలు మిగులుతుంది. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు.

గుంత పనిచేయాలంటే మూడు చూడాలి. ఒకటి, పైనున్న బంకమట్టి దాటి మొరం తగిలేదాకా తవ్వాలి. బంకమట్టిలో ఆగిన గుంత దోమల తొట్టి అవుతుంది. రెండు, గుంతకు ముందు చిన్న తొట్టి కట్టాలి. టెర్రస్ మీది ఆకులు, దుమ్ము, పావురాల రెట్ట అందులో ఆగాలి. మూడు, కింద పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆ పైన దొడ్డు ఇసుక వేసి, పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. మే నెలలో ఆ ఇసుక పైపొర తీసి కడగాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు. అందుకే రెండేళ్లకే గుంత నీళ్లు తాగడం మానేస్తుంది.

మాది బాగుచేసిన ఏడాది బోరు మట్టం ఎంత పెరిగిందని అడగకండి. ఆ ఏడు వానలూ బాగా పడ్డాయి, ఘనత ఎవరిదో విడదీసి చెప్పలేను. వాన తర్వాత పార్కింగులో మోకాలి లోతు నీళ్లు నిలవడం మాత్రం ఆగింది.

వాన నీళ్లను నేరుగా ఎండిన బోరులోకి దింపొచ్చా?

టెర్రస్ నీళ్లయితే, వడపోత పెట్టి, దింపొచ్చు. పార్కింగు నీళ్లు, రోడ్డు నీళ్లు మాత్రం వద్దే వద్దు. బండ్ల ఆయిలు, డ్రైనేజీ కలిసిన నీళ్లు ఒకసారి పగుళ్లలోకి దిగితే తీసేవాడు లేడు. పక్కింటివాళ్ల బోరులో తేలుతుంది మీ పుణ్యం.

కాలనీ చెరువు నిండితే మా బోరుకు లాభమా?

లాభమే, అందులో ఉన్నవి వాన నీళ్లయితే. మన చెరువులు విడివిడి గుంటలు కావు, గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు నాలా పట్టుకుని కింది చెరువుకు చేరాలి. మధ్యలో నాలా మీద ఎవరో ఇల్లు కట్టారంటే పై చెరువు పక్క కాలనీ మునుగుతుంది, కింది చెరువు ఎండుతుంది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు తాకే హద్దు. దాని చుట్టూ వదలాల్సిన జాగా బఫర్ జోన్. ప్లాటు కొనేముందు ఈ రెండూ చూసుకోవాలి. వేసవిలో చూసి కొన్న ప్లాటు ఆగస్టులో చెరువైపోతుంది.

ఈ కబ్జాల మీద 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను తవ్వించి మళ్లీ నీళ్లు నిలబెట్టింది. కూల్చివేతల పద్ధతి మీద ఎన్ని వాదనలున్నా, ఆ కుంట సంగతి నాకు నచ్చింది.

ఇంకో చిక్కు: ఎండాకాలంలో కూడా నిండుగా కనిపించే చెరువును చూసి సంతోషించకండి. చుట్టూ బోర్లు ఎండుతుంటే అది మాత్రం ఎలా నిండుగా ఉంది? మురుగు వస్తోంది కాబట్టి. పైకి గుర్రపుడెక్క పరుచుకుని ఉందంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ట్యాంకర్ నీళ్లు ఎక్కడివి?

జలమండలి ట్యాంకరైతే వాళ్ల ఫిల్లింగ్ స్టేషన్‌లో నింపిన శుద్ధి చేసిన నీళ్లు. ప్రైవేటుదైతే చాలావరకు శివారు ఊళ్లలోని బోర్లవి. మన బోరు ఎండిందని ఆ ఊరి బోరు తోడించుకుంటున్నాం. ఆ ఊళ్లో ఇదే రాయి, ఇవే పగుళ్లు.

బోరు నీళ్లు తాగొచ్చా? కాచి తాగితే సరిపోదా?

పరీక్ష చేయించకుండా తాగకండి. కాచితే క్రిములు చస్తాయి, కానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. మురుగు ఇంకే పాత బస్తీల్లో నైట్రేట్ చూడాలి. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల లాంటి పరిశ్రమల ప్రాంతాల్లో నేనైతే బోరు నీళ్లు వంటకూ వాడను. ఆర్‌వో పెట్టుకుంటే అది వదిలే వృథా నీళ్లు బకెట్‌లో పట్టి నేల తుడవడానికి వాడండి. నల్లా నీళ్లకైతే ఆర్‌వో చాలా ఇళ్లలో అవసరమే లేదు.

ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్లు ఉచితం అంటే ఎంత?

రోజుకు 660 లీటర్ల పైన. తలకు 135 లీటర్ల చొప్పున అయిదుగురున్న ఇంటికి దాదాపు సరిపోతుంది. పనిచేసే మీటరు ఉండాలి. అది ఉచితం కాబట్టి ఎంతైనా వాడొచ్చు అనే మాట మాత్రం వినకండి, కృష్ణా నుంచి ఎక్కించే కరెంటు ఉచితం కాదు.

మనం వాడి వదిలిన నీళ్లు ఎటు పోతాయి?

ఇది ఎవరూ అడగరు. నేనే అడుగుతున్నాను.

మూసీలోకి పోతాయి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణాలో కలుస్తుంది, నాగార్జునసాగర్‌కు దిగువన. అంటే సాగర్ నుంచి తెచ్చుకున్న నీళ్లనే మురుగు చేసి అదే నదికి తిరిగి పంపుతున్నాం. విచిత్రమేమిటంటే లెక్కల పుస్తకంలో ఇది మనకు అనుకూలం. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రైబ్యునల్, తాగునీటికి తీసుకున్నదాంట్లో అయిదో వంతే వాడినట్టు లెక్క వేయమంది. మిగతా 80 శాతం నదికి తిరిగి చేరుతుందని దాని ఉద్దేశం. చేరే మాట నిజమే. ఏ రంగులో చేరుతోందో పీర్జాదిగూడ వంతెన మీద ఒక్క నిమిషం ఆగి చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లతోనే దిగువన గడ్డి, వరి పండిస్తున్నారు. అక్కడి రైతుకు ఎండాకాలంలో కూడా ఆగకుండా వచ్చే కాలువ మన బాత్‌రూమే.

కొత్త ఎస్టీపీలు (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్లు) కడుతున్నారు, మంచిదే. మీ గేటెడ్ కమ్యూనిటీలో ఎస్టీపీ ఉంటే దాన్ని ఆన్ చేయించండి ముందు. వాసన వస్తోందనో, కరెంటు బిల్లు ఎక్కువనో ఆపేసినవి నేను చాలా చూశాను. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కు, గార్డెన్‌కు వెళ్లేలా వేరే పైపు ఉంటే మీకు కావాల్సిన మంచినీళ్లు బాగా తగ్గుతాయి.

ఫ్లాట్‌కో మీటరు పెడితే గొడవలు రావా?

వస్తాయి. మా దగ్గర మూడు మీటింగులు గడిచాయి. ఇద్దరున్నవాళ్లు కావాలన్నారు, ఆరుగురున్నవాళ్లు వద్దన్నారు. చివరికి పెట్టాం. మొదటి నెల రీడింగుల్లో అందరికంటే ఎక్కువ వాడిన ఫ్లాటు ఏదో తెలుసా? తాళం వేసి ఉన్నది. ఓనర్లు అమెరికాలో. వాళ్ల చుట్టాన్ని పిలిపించి తలుపు తీయిస్తే, బాత్‌రూమ్‌లో ఫ్లష్ ట్యాంకు వాల్వ్ అరిగిపోయి, రాత్రీ పగలూ సన్నగా కారుతూనే ఉంది. కమోడ్‌లో కారిన గీత పచ్చగా పాచి పట్టి ఉంది. వాషర్ మార్చడానికి ప్లంబర్‌కు పది నిమిషాలు పట్టింది.